మాసాయిల వంట, మనవాళ్ల అలక

టూర్లు నడిపే పనిలోకి వద్దామనుకుంటున్నామని ఈ మధ్య కొందరు పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. ఏ దేశంలో ఏ నెలలో ఏ జంతువు ఎటు నడుస్తుందో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. తెలియనిది ఒకటే. ఈ పనిలో సింహాన్ని చూపించడం మన బాధ్యత కాదు. సింహం తనకు తోస్తే కనిపిస్తుంది, తోచకపోతే పొదలో పడుకుంటుంది. మన బాధ్యతంతా బస్సులో కూర్చున్న ముప్పై మంది కడుపులు, ముప్పై మంది మూతిముడుపులు. మిగతాది ఫోను చూసుకుంటుంది.

నేను మొదట కరీంనగర్‌లో ఒక దినపత్రిక విలేకరిని. ఆ తర్వాత టూర్ల పనిలో పడ్డాను. ధర్మపురి నుంచి కాశీకి బస్సు వేయడంతో మొదలైన ఉద్యోగం, ఆఫ్రికాలో గుడారాలు వెతకడంతో ముగిసింది. పత్రికలో నేర్చుకున్నదే చివరిదాకా పనికొచ్చింది. మంత్రిగారు బోరింగు ప్రారంభించిన రోజు ఫొటో ఎవరైనా తెస్తారు. మరుసటి రోజు వెళ్లి, దాన్ని కొట్టి, నీళ్లొస్తున్నాయో లేదో చూసినవాడే విలేకరి. సేవ, అభివృద్ధి లాంటి పెద్ద మాట ఎవరైనా అంటే, దాని వల్ల ఎవరింట్లో పొయ్యి వెలుగుతోందో చూసి రావడం నాకు అలవాటైపోయింది. ఈ అలవాటు వల్ల పత్రికలోనూ, టూర్లలోనూ నాకు పై వాళ్లతో పడలేదు. అయినా మీకు అదే చెబుతున్నాను.

కాగితం మీద నవ్వే పిల్లవాడు

హైదరాబాదులో నేను పనిచేసిన చివరి సంస్థ యజమాని మంచి మాటకారి. ఆఫ్రికా యాత్రలకు గిరాకీ వచ్చిందని తెలియగానే రంగుల కరపత్రం వేయించాడు. దాని మీద ఎర్రగళ్ల వస్త్రం కప్పుకుని నవ్వుతున్న ఒక పిల్లవాడు, పశువులు కాసుకుని బతికే మాసాయి తెగవాడు. కింద పెద్ద అక్షరాల్లో, ‘మీరు పెట్టే ప్రతి రూపాయీ ఈ నవ్వుకే’ అని.

ఆ పిల్లవాడెవరని అడిగాను.

“ఎవడో ఒకడు. నెట్‌ల దొరికిండు. మంచిగ నవ్వుతుండు గదా,” అన్నాడాయన.

ప్రతి రూపాయీ ఎలా చేరుతుందో చూద్దామని, ఆయన మాట్లాడి పెట్టుకున్న హోటలుకు నేను ముందుగా ఒకసారి వెళ్లాను. నది ఒడ్డున పెద్ద హోటలు. ఈతకొలను, పొడవాటి భోజనాల బల్ల, గదుల్లో టీవీలు. మాసాయిలకు అందుతున్న మేలు కూడా కళ్లారా చూశాను. గేటు దగ్గర ఒక మాసాయి మనిషి బల్లెం పట్టుకుని నిలబడి నమస్కారం పెడతాడు. సాయంత్రం కొందరు వచ్చి ఎగిరెగిరి నాట్యం చేసి వెళతారు. మిగతాదంతా, కోడిగుడ్డుతో సహా, రాజధాని నుంచి లారీలో దిగుతుంది. యజమాని ఎక్కడో విదేశంలో ఉంటాడు. మా వైపు పెళ్లిళ్లలో గేటు దగ్గర పన్నీరు చల్లే ప్లాస్టిక్ బొమ్మకు ఆ పెళ్లివల్ల ఎంత మేలో, మాసాయిలకు ఆ హోటలు వల్ల అంత మేలు.

కాబట్టి వేరే చోటు వెతికాను. మీకు తెలియాలని చెబుతున్నాను, ఇది కష్టమైన పనేమీ కాదు. నేల ఎవరిది, వంట ఎవరు చేస్తారు, జీపు ఎవరు నడుపుతారు, మేనేజరు కుర్చీలో ఎవరు కూర్చుంటారు అని అడిగితే చాలు. సూటిగా జవాబు రాకపోతే అక్కడ పిల్లవాడి నవ్వు మాత్రమే ఉందని అర్థం.

సూటిగా జవాబు చెప్పినవాడు కిషోయి. సింహాలకు పేరుపడ్డ మారా అడవిని ఆనుకుని ఉన్న గడ్డినేలలు మాసాయి కుటుంబాలవి. ఒకప్పుడు ఉమ్మడిగా ఉన్నవాటిని తర్వాత ఇంటింటికీ పంచుకున్నారు. ఎవరి వాటాకు వాళ్లు కంచె వేసుకుంటే గోధుమ పండించే కంపెనీలకు కౌలుకివ్వచ్చు. వేయకుండా వదిలేస్తే ఏనుగులు, జీబ్రాలు, వాటి వెంట సింహాలు తిరుగుతాయి. కానీ సింహం కౌలు కట్టదు. అందుకని కిషోయి వాళ్ల కుటుంబాలు కొన్ని కలిసి, కంచెలు మానుకుని, ఆ నేల మీద సొంతంగా కొన్ని గుడారాలు వేసి, వచ్చినవాళ్లు ఇచ్చే డబ్బుతో కౌలు పంచుకునే ఏర్పాటు చేసుకున్నాయి. కిషోయి ఆ గుడారాలకు మేనేజరు. వంట అక్కడి ఆడవాళ్ల సంఘానిది. ఆ సంఘానికి పెద్ద నషిపాయ్.

చిక్కంతా వానల నెలల్లోనే. అప్పుడు ఎవరూ రారు. పొయ్యి వెలగదు. ఊరికే ఖాళీగా ఉన్న గుడారాలను చూసి సగం కుటుంబాలకు విసుగొచ్చింది. వానలు వెళ్లాక పెద్దలు కూర్చుని కంచె సంగతి తేల్చుకుంటారని, ఈలోపు నషిపాయ్ వాళ్ల ముందు నిలబడి, ఈ వానల్లోనే మనుషులొస్తారు, మా చేతి వంట తింటారు, చూసి అప్పుడు మాట్లాడండని మాటిచ్చిందని కిషోయి ఫోనులో చెప్పాడు.

ఆ మనుషులు ఎవరని అడిగాను. మీవాళ్లే అన్నాడు.

మా ఎండాకాలం వాళ్లకు వానాకాలం. పిల్లలకు సెలవులు, పెళ్లిళ్ల సందడి కూడా తగ్గిన రోజులు. కరీంనగర్‌లో అప్పటికే నా దగ్గర ఒక బృందం సిద్ధంగా ఉంది. పేరు చెప్పను గానీ, అదొక సేవా సంఘం.

తింటె సేవెట్లయితది?

సంఘానికి అధ్యక్షుడు గంగాధర్. గ్రానైటు వ్యాపారి. మా వైపు గుట్టల్ని పలకలుగా కోసి ఓడలెక్కించి, వాటి మీద తిరిగే నెమళ్లు ఎటు పోయాయో అడగని మనిషి, ప్రకృతిని చూడాలని ఆఫ్రికాకు బయలుదేరాడు. నాకు వింతగా అనిపించలేదు. వాకిట్లో చెట్టు కొట్టేసి, హాల్లో అడవి బొమ్మ తగిలించుకునేవాళ్ల మీదే కదా మేం బతికింది.

సంఘం చేసిన సేవ కరీంనగర్‌లో ఎటు చూసినా కనిపిస్తుంది. ఆసుపత్రి బెంచీల మీద పేర్లు, బస్టాండు కుర్చీల మీద పేర్లు. ఒక కల్యాణమండపంలో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాయించారు. తిరుగుతున్నంతసేపూ కనపడదు, కరెంటు పోయినప్పుడే చదవగలం. జనం చెమటలు కక్కుతూ తలెత్తినప్పుడు అధ్యక్షుడి పేరు కనిపిస్తుంది.

గంగాధర్ నన్ను అన్నా అనేవాడు. మంచివాడు కాదని నేననను. పదిమందికి పెట్టే చెయ్యే. పెడుతున్నప్పుడు పక్కన ఫొటో తీసేవాడుండాలి, అంతే.

“అన్నా, సింహాలు చూడాలె, సేవ గూడ చెయ్యాలె. రెండూ ఒక్క ట్రిప్పుల అయిపోవాలె,” అన్నాడు.

సేవ విడిగా చేయనక్కర్లేదని చెప్పాను. ఆ గుడారంలో పడుకుంటే వాళ్ల నేలకు కౌలు వస్తుంది, వాళ్ల పొయ్యి మీది వంట తింటే ఆడవాళ్లకు పని దొరుకుతుంది, వాళ్ల జీపెక్కితే డ్రైవరుకు జీతమవుతుంది, మీరు హాయిగా ఉంటే చాలు, అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

“తింటె సేవెట్లయితదే అన్నా? ఫొటో ఏం దిగుతం?”

ఈ ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాను. మీరు నడిపే ప్రతి యాత్రలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. మేలు జరిగే పద్ధతి ఫొటోకు పనికిరాదు. ఫొటోకు పనికొచ్చే పద్ధతిలో మేలు జరగదు.

సంఘం తీర్మానం చేసింది. మాసాయి పెద్దలకు సన్మానం చేయాలి. శాలువాలు కప్పాలి. వాళ్లు ఎర్రగళ్ల వస్త్రాలు కప్పుకుంటారని ఎవరో చెబితే, సిరిసిల్లలో మరమగ్గాల మీద అచ్చం అలాంటి గుడ్డే నేయించి, అంచుకు జరీ పెట్టించి, జరీలో సంఘం పేరు తెలుగులో దించారు. ఈ మొత్తం సేవలో అప్పటికి లాభపడింది ఆ నేత కార్మికుడొక్కడే, కొన్నాళ్లు కూలి దొరికింది.

రెండో తీర్మానం, వంటవాడు. రాజేశం కరీంనగర్‌లో పేరున్న క్యాటరింగు మనిషి. కందిపప్పు, చింతపండు, కారం, మామిడికాయ తొక్కు, డబ్బాల కొద్దీ సకినాలతో అతణ్నీ విమానమెక్కిస్తామన్నారు. అక్కడ వంట చేసేవాళ్లున్నారు, వాళ్ల వంట తినడమే ఈ యాత్రకు ప్రాణం అని చెప్పాను. కిషోయి కూడా, మీకేం కావాలో చెప్పండి, మేం నేర్చుకుంటాం అన్నాడు. గంగాధర్ నా భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు ఫికర్ చెయ్యకన్నా. నోటికి సవి లేకపోతె మనోళ్లు పరేషాన్ అయితరు, గంతే,” అన్నాడు. రాజేశం యాత్రికుడిగా టికెట్ తీసుకున్నాడు. వంట చేసే యాత్రికుణ్ని ఆపే చట్టం ఏ దేశంలోనూ లేదు.

మూతలు తీయని గిన్నెలు

మేం చేరేసరికి సన్నగా జల్లు పడుతోంది. కనుచూపు మేర పచ్చిక. మే నెల కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లకు ఆ చల్లగాలి ఒక్కటే పైసా వసూలు. ఆడవాళ్లు గుడారాల ముందు వరసగా నిలబడి పాడారు. నడుమ నషిపాయ్, పొడుగాటి మనిషి, మెడ నిండా పూసల పట్టీలు. పాట అయిపోగానే ఆమె మమ్మల్ని తిన్నగా భోజనాల గుడారంలోకి తీసుకుపోయింది. కొత్తగా కట్టిన పొయ్యిల దగ్గరి నుంచి గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టారు. మేకమాంసం, ఆకుకూర, చపాతీలు, ఉగాలి అనే మక్కజొన్న పిండి ముద్ద.

గంగాధర్ ఒక మూత ఎత్తి చూసి దించేశాడు. నా చెవి దగ్గరికి వచ్చి, “అన్నా, గిది గట్కనే గదా. గట్క తినెటందుకు విమానమెక్కాలెనా?” అన్నాడు.

అసలు సంగతి ఇదే. శుభ్రత గురించి, నీళ్ల గురించి వాళ్లు తర్వాత చెప్పినవన్నీ సాకులు. మా వైపు ఆ తరం మనుషుల్లో చాలామంది మక్కరవ్వ ఉడికించిన గట్క మీదే పెరిగారు. సన్నబియ్యం దొరికిన రోజున గట్క కుండను ఇంట్లోంచి పంపించేశారు. దాంతోపాటు ఆ రోజుల్ని కూడా పంపించేశామనుకున్నారు. ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పోసి, మళ్లీ అదే కుండ ముందు కూర్చోవాలంటే ఎవరికైనా కష్టమే.

జీపుల వెనక రాజేశం అప్పటికే గ్యాసు పొయ్యి అంటించాడు. పప్పుచారు పోపు వాసన గాలిలో రాగానే సేవా సంఘం మొత్తం లేచి అటు నడిచింది. నషిపాయ్, మిగతా ఆడవాళ్లు గరిటెలు పట్టుకుని బల్ల దగ్గర అలాగే నిలబడ్డారు. తినడానికి మిగిలింది నేను, డ్రైవర్లు. మేం ఎంత తిన్నా ఆ గిన్నెలు తరుగుతాయా.

ఆ పూట రాజేశం వైపు కూడా ఒక నష్టం జరిగింది. చెట్టు మీది కోతి దిగి సకినాల డబ్బా ఎత్తుకుపోయింది. సింహాన్ని చూడడానికి వచ్చినవాళ్లు కోతిని తిట్టిన తిట్లు వింటే, కరీంనగర్ జిల్లాలో రైతులు కోతుల బెడదకు మక్క వేయడం ఎందుకు మానుకుంటున్నారో అర్థమవుతుంది.

రాత్రి భోజనమూ జీపుల వెనకే. మరుసటి రోజు పొద్దున ఉప్మా కూడా అక్కడే. ఆడవాళ్లు మాత్రం ప్రతి పూటా వండారు, బల్ల మీద పెట్టారు, మూత తీయని గిన్నెలు మోసుకెళ్లారు. కిషోయి నన్ను పక్కకు పిలిచి, మావాళ్లు ఏం తప్పు చేశారో చెప్పు, సరిచేసుకుంటారు అన్నాడు. తప్పు వాళ్లది కాదన్నాను. అయితే పెద్దలకేం చెప్పాలి అన్నాడు. పెద్దలు పూటపూటా వచ్చి దూరంగా కూర్చుని చూస్తున్నారు. గుడారాలు నిండాయి గానీ వంటిల్లు నిండలేదని వాళ్లకూ కనిపిస్తోంది.

ఆ మధ్యాహ్నానికి పరిస్థితి ఇంకా చెడింది. గంగాధర్ హైదరాబాదుకు ఫోను చేస్తే మా యజమాని, నది అవతలి హోటల్లో గదులు ఖాళీగా ఉన్నాయి, టీవీలున్నాయి, అన్నం పెడతారు అని చెప్పాడు. ఆ హోటలు నుంచి తనకొచ్చే వాటా సంగతి మాత్రం చెప్పలేదు. సాయంత్రం సన్మానం కాగానే అక్కడికి మారిపోవాలని సంఘం నిర్ణయించింది. సన్మానం మాత్రం మానడానికి లేదు, శాలువాలు మోసుకొచ్చారు కదా.

మైకు నా చేతిలో ఉంది

రెండు తుమ్మచెట్ల నడుమ బ్యానరు కట్టారు. కరీంనగర్ నుంచి తెచ్చిన చిన్న మైకు పెట్టారు. మాసాయి పెద్దలు ముందు వరసలో, ఆడవాళ్లు వెనక. గంగాధర్ ప్రపంచశాంతి దగ్గర మొదలుపెట్టి సింహం దాకా వచ్చి ముగించాడు. నేను కిషోయికి ఇంగ్లీషులో చెప్పాను, కిషోయి వాళ్లకు మాసాయి భాషలో చెప్పాడు. పెద్దలు మర్యాదగా శాలువాలు కప్పించుకున్నారు. తర్వాత ఆడవాళ్ల తరఫున నషిపాయ్‌ని పిలిచారు. గంగాధర్ భార్య విమలక్క శాలువా విప్పి పట్టుకుని నిలబడింది. ఫోన్లన్నీ లేచాయి.

నషిపాయ్ వచ్చింది. తల వంచలేదు. విమలక్క చేతిలోని గుడ్డ వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా ఒక మాట అంది. కిషోయి వెంటనే చెప్పలేదు. నేల చూశాడు, తర్వాత నాకు ఇంగ్లీషులో చెప్పాడు. అందరూ నా వైపు తిరిగారు.

అనువాదం చేసేవాడికి అక్కడ రెండు దారులుంటాయి. ‘ఆమె కృతజ్ఞతలు చెబుతోంది’ అనవచ్చు. మా వృత్తిలో నూటికి తొంభైమంది అదే అంటారు. రోజు సాఫీగా గడిచిపోతుంది, యాత్రికులు బక్షీసు ఇస్తారు. కానీ పత్రికలో మా పాత సంపాదకుడు ఒక మాట అనేవాడు. ఒకరు చెప్పిన మాట చెప్పినవాళ్ల సొత్తు, దాన్ని కత్తిరించే హక్కు మనకు లేదని. నేను మైకులో ఉన్నదున్నట్టు చెప్పాను.

“మా చేతి బువ్వ తిననోళ్లు, మాకు బట్టలెట్ల పెడ్తరని అడుగుతున్నది.”

ఈ మాట ఇంకే ఊరివాళ్లతో అన్నా, వినడానికి కొంచెం కటువుగా ఉంటుంది, అంతే. మా వైపు అలా కాదు. హుస్నాబాద్ నుంచి ఇచ్చోడ దాకా ఏ ఇంట శుభకార్యమైనా చుట్టాలు బట్టలు పెడతారు, బంతిలో వరసగా కూర్చుని తింటారు. బట్టలు పెట్టి తినకుండా పోయారంటే ఆ ఇంటిని తక్కువ చేసినట్టే. దాని మీద అన్నదమ్ములు విడిపోయారు, వియ్యంకులు కోర్టుకెక్కారు. ఆ మాట అర్థం కానివాళ్లు ఆ బ్యానరు కింద ఒక్కరూ లేరు.

గంగాధర్ ముఖం నల్లబడింది. మైకు పక్కకు జరిపి, “గింత దూరమొచ్చి మాట వడాల్నా? సామాన్లు కట్టుండ్రి. పోదాం,” అన్నాడు.

ఎవరూ కదల్లేదు. విమలక్క శాలువా మడత పెట్టి కుర్చీ మీద పెట్టింది. ఆమె గొంతు పెద్దది చేయలేదు.

“మా తమ్ముడు మన కొత్తింటికొచ్చి, బట్టలు పెట్టి, శనివారం ఒక్కపొద్దున్నదని బువ్వ తినకుంట పోయిండు. గా దినం సంది వాని గడప తొక్కనియ్యకపోతివి. వాని బిడ్డ పెండ్లికి గూడ పోనియ్యలే నన్ను.”

“గది వేరే ముచ్చట,” అన్నాడు గంగాధర్.

“ఏం వేరే? నువ్వు అలిగితె పౌరుషం, గా పిల్ల అడిగితె మాట వడుడా?”

ఆమె అక్కడ ఆగలేదు. నషిపాయ్ దగ్గరికి వెళ్లి, కుడిచేతి వేళ్లు కూడగట్టి నోటి దగ్గర పెట్టి చూపించింది. ఆ సైగకు అనువాదకుడు అక్కర్లేదు. ఇద్దరూ కలిసి భోజనాల గుడారం వైపు నడిచారు. విమలక్క వెనక మిగతా ఆడవాళ్లు, వాళ్ల వెనక, వేరే దారి లేక, మగవాళ్లు. గంగాధర్ కాసేపు బ్యానరు దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. రాజేశం తన గ్యాసు పొయ్యి ఆర్పి చెయ్యి తుడుచుకుంటూ, ఆకలైతోంది సారూ, మీరూ రాండ్రి, అన్నాడు. వంటవాడే తినడానికి వెళుతుంటే సంఘాధ్యక్షుడు ఎంతసేపని నిలబడతాడు.

గంగాధర్ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. నషిపాయ్ స్వయంగా వడ్డించింది. ఆయన చెంచా పక్కన పెట్టి, ముద్ద తుంచి, బొటనవేలితో నడుమ చిన్న గుంట చేసి, అందులోకి పులుసు తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అచ్చం మాసాయి పెద్దలు తినే పద్ధతే. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పటి చెయ్యి గుర్తు తెచ్చుకుంది. ఆయన రెండోసారి పెట్టించుకుంటుంటే నేను వేరే వైపు చూశాను. ఎదుటివాడు ఓడిపోతున్నప్పుడు తదేకంగా చూడకపోవడం కూడా ఈ వృత్తిలో భాగమే.

నది అవతలి హోటలు ఊసు మళ్లీ రాలేదు. ఉన్నన్ని రోజులూ వంటిల్లు వెలిగింది. రాజేశం ఆడవాళ్లకు పప్పుచారు నేర్పాడు, వాళ్ల దగ్గర మేకమాంసం కాల్చడం నేర్చుకున్నాడు. వెళ్లే రోజు విమలక్క ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి ఆ శాలువాలు పెట్టింది. వాళ్లూ ఊరుకోలేదు, మెడలో పూసలు వేసి పంపారు. ఫొటోలు కూడా దిగారు, కానీ ఎవరు ఎవరికి ఇస్తున్నారో ఆ ఫొటోల్లో తెలియదు. తర్వాత కిషోయి పంపిన వీడియోలో చూశాను, జరీ శాలువాలు భోజనాల గుడారానికి తలుపు తెరలయ్యాయి. సేవా సంఘం పేరు తలకిందులుగా ఊగుతోంది.

నీళ్లొచ్చాయో లేదో

ఈ అనుభవం చెప్పగానే పిల్లలు, అయితే వాళ్లు మారిపోయారన్నమాట అంటారు. ఎవరూ మారలేదు. గంగాధర్ ఇంకా గుట్టలు కోస్తూనే ఉన్నాడు. బావమరిదితో మాట కలవలేదు. తిరిగి రాగానే పట్టణంలో ఆయనకే సన్మానం జరిగింది. అక్కడ ఆయన, ఆకలితో ఉన్న మాసాయిలకు అన్నం పెట్టి వచ్చామని, యాత్రలో చెవిన పడ్డ కంచె మాట పట్టుకుని, మేం పోకపోతే ఆ అడవికి కంచె పడేదని చెప్పాడు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. మొదటి మాట పచ్చి అబద్ధం. రెండోది నూటికి నూరుపాళ్లు నిజం, ఆ సంగతి ఆయనకే తెలియదు. విలేకరిగా ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గానీ, ఖండించడానికి లేచి మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది అప్పుడొక్కసారే.

మనుషులు మారితేనే మేలు జరగాలంటే ఎన్నటికీ జరగదు. మారని మనుషుల చేతే మేలు జరిగేలా యాత్రను అల్లడం మన పని. వాళ్లు ఎక్కడ పడుకుంటారో, ఎవరి చేతి వంట తింటారో మీరు గట్టిగా పట్టుకోండి. ఉపన్యాసం వాళ్లకు వదిలేయండి. మా యజమాని లాంటివాళ్లు ఫోను చేస్తే సిగ్నలు లేదనండి, అడవిలో అది నమ్మదగ్గ మాటే.

వానలు వెళ్లాక కిషోయి ఫోను చేశాడు. పెద్దలు కూర్చున్నారట. చాలా వాదన జరిగిందట. వంటిల్లు నిండడం తామూ చూశామని ఇద్దరు ముగ్గురు పెద్దలు చెప్పాక, ఈ ఏడాదికి కంచె వద్దనుకున్నారట. వచ్చే ఏడు మళ్లీ కూర్చుంటారు. పూర్తిగా గెలిచినట్టు కాదు, ఒక ఏడాది దొరికింది.

గంగాధర్ చుట్టాల్లో ఇంకో బృందం బయలుదేరుతామంటోందని చెప్పాను. పక్కనే ఉన్న నషిపాయ్ ఫోను తీసుకుంది, కిషోయి నడుమ నిలబడి మాట అందించాడు. ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పడం నా ధర్మం. వచ్చేవాళ్లు మీకు అన్నం పెట్టడానికి వస్తున్నామని అనుకుంటున్నారు, ఇక్కడ అలాగే ప్రచారమైంది, మీకు కోపం రావచ్చు అన్నాను.

అవతల ఆమె నవ్వు వినిపించింది. తర్వాత ఒక మాట అంది. కిషోయి ఈసారి ఆలోచించకుండా వెంటనే చెప్పాడు.

“ఏమన్నా అనుకోనియ్యండి. ఆకలితో రమ్మనండి.”